అన్ని నోళ్ళూ మూసిన కలుగు

పోయిన వారం మనం చెంగమ్మను ఆమె ఇంటి తలుపు ముందు, చేతిలో తాళంచెవితో వదిలి వచ్చాం. తలుపు వెనక దూలానికి మునికుమార్ డప్పు వేలాడుతోంది. డప్పు వెనక తోలు వార్ల సందులో దొరికిన పంక్చర్ సొల్యూషన్ ట్యూబు అప్పటికే పొయ్యిలో పడి, ఇల్లంతా కంపు కొట్టి, బూడిదైపోయింది. కలివిగుంట గూడెం మొత్తం వింటుండగా అంకమ్మతల్లి రాతి ముందు నిలబడి, గూడెం పెద్దగా ఆమె కట్టు చెప్పింది. సొల్యూషన్ పీల్చినవాడు డప్పు ముట్టకూడదు, ముడితే గూడెం వదిలి పోవాలి. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె మునికుమార్ మొహం చూడలేదు. వాడు తమ్ముడి కొడుకు. ఆ తమ్ముడు ఎర్రచందనం మేస్త్రీల మాట నమ్మి కొండెక్కి తిరిగి రానప్పటి నుంచి అత్తే తల్లీ తండ్రీ అయి సాకిన పిల్లవాడు. మొహం చూసి ఉంటే కట్టు గొంతులోనే ఆగిపోయేది.

శుక్రవారం వచ్చింది. చెంగమ్మకు కోపం తగ్గలేదు.

కొండను తవ్వి ఎలుకను పట్టారని లోకం నవ్వుతుంది. ఏర్పేడు దాటి కొండల వైపు మళ్ళితే కనిపించే ఆ యానాదుల గూడెంలో మాత్రం ఎవరూ నవ్వరు. పొట్టకొచ్చిన వరిలో ఎలుక పడితే రైతుకు నిద్ర ఉండదు, అప్పుడు కబురు వచ్చేది కలివిగుంటకే. ఆ కబుర్లనే చెంగమ్మ పిల్లల కోసం వాడుకోవడం మొదలుపెట్టింది. శుక్రవారం పొద్దు పొడవకముందే వయసుకొచ్చిన ఆడపిల్లల్నీ మగపిల్లల్నీ లేపుతుంది. ఫోన్లు ఇళ్ళలోనే పెట్టి రావాలి. పొగకుండ అందరి చేతులూ మారాలి. కుండలో గడ్డీ నిప్పూ కూరి, దాని నోటిని ఎలుక కలుగుకు ఆనించి, అడుగున ఉన్న బెజ్జంలోంచి ఊదాలి. ఊపిరి ఉన్నవాడే ఊదగలడు. సారా తాగిన వాడికీ, గుడ్డలో సొల్యూషన్ పోసి పీల్చేవాడికీ నాలుగు ఊదులకే దగ్గు తన్నుకొస్తుంది. వాడెవడో ఎవరూ చెప్పక్కరలేదు. మునికుమార్ అట్లాగే దొరికిపోయాడు. పట్టడం అయ్యాక కాలవలో స్నానం, అందరూ కలిసి కూడు, సాయంత్రం అంకమ్మ ముందు డప్పు. పట్టిన ఎలుకతో పాటు ముసలివాళ్ళ కథలు కూడా పిల్లల నోట పడతాయి.

దీనికి చెంగమ్మ పేరేమీ పెట్టలేదు. పెట్టింది హృషీకేశ్. తిరుపతిలో ఒక స్వచ్ఛంద సంస్థలో పనిచేస్తాడు. మంచివాడే. పిల్లల ఆరోగ్యం గురించి మాట్లాడేటప్పుడు అతని కళ్ళు నిజంగానే తడుస్తాయి. అయితే అతనికి పైన ఒక ఆఫీసు ఉంది, ఆ ఆఫీసుకు పైన ఇంకొకటి ఉంది, వాళ్ళందరికీ ఫొటోలు కావాలి. గిరిజన యువ వికాసం అని బ్యానరు కొట్టించాడు, పసుపు టీషర్టులు పంచాడు. సోమవారం తిరుపతిలో సభ ఉంది, మునికుమార్ డప్పు లేకపోతే సభే లేదని వారం నుంచి గూడెం చుట్టూ తిరుగుతున్నాడు. వాడు కొట్టడని చెంగమ్మ చెప్పింది. ఒక్కసారికి కట్టు సడలించలేరా అని అతను బతిమాలాడు. పిల్లోళ్ళ కోసమని పంచాయతీ కట్టిన హాలుకు మొదట తాళం తీయించమని ఆమె బదులు చెప్పింది. ఆ హాలు కట్టి రెండు వానాకాలాలు దాటాయి. లోపల ఎవరివో సిమెంటు మూటలు. తాళంచెవి అడగబోతే అది ఎప్పుడూ పక్క ఊర్లోనే ఉంటుంది. చెంగమ్మ కంటే ఆ తాళంచెవే ఎక్కువ ఊర్లు తిరిగిందని గూడెంలో నవ్వుకుంటారు. చెంగమ్మకు మాత్రం నవ్వు రాదు.

ఇన్ని కోపాలూ కడుపులో పెట్టుకుని ఆమె ఆ పొద్దున యతిరాజులు వరి కయ్యలోకి దిగింది.

యతిరాజులు గుడి ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరైన వైష్ణవుడు. నామం చెదరకుండా పొలం చేసే మనిషి. పొలం గట్టు, గెనిమ మీద గొడుగు చంకన పెట్టుకుని నిలబడ్డాడు. ఎలుకను చూడటానికి మనసొప్పదు, పట్టారో లేదో చూడకుండా ఉండటానికీ మనసొప్పదు. ఆయన కయ్యకూ కింద కయ్యకూ మధ్య గెనిమలో కలుగు పడింది. కింద కయ్యవాడికీ ఆయనకూ మాటలు లేవు. ఎలుకను పట్టకపోయినా ఫరవాలేదు, గెనిమ మాత్రం జాగ్రత్త అని ఆయన ముందే చెప్పాడు.

పిల్లలు చకచకా కలుగు నోళ్ళు వెతికారు. పిలకల మధ్య ఒకటి, గెనిమ వాలులో రెండు, తుంగ కింద ఇంకొకటి. మట్టి పిసికి ఒక్కొక్కటీ మూసుకుంటూ వచ్చారు. చివరికి గెనిమ నెత్తిన ఉన్న నోరు మిగిలింది. ఆ నోరు మూయరు. అక్కడ ఒక మనిషి గొంతుక్కూర్చుని, చెయ్యి ఆనించి, ఊపిరి బిగబట్టి కాచుకోవాలి. పొగకు ఉక్కిరిబిక్కిరైన ఎలుక వెలుతురు కనపడే ఆ ఒక్క దోవకే పరుగెత్తి వస్తుంది. వచ్చినప్పుడు మెడ దొరకబుచ్చుకోవాలి. కలివిగుంటలో ఆ చోటు మునికుమార్‌ది. వాడి చేతి వేగం ఇంకెవరికీ లేదు, డప్పు మీదైనా, ఎలుక మీదైనా.

మట్టిముద్ద పట్టుకున్న ఒక కుర్రవాడు తటపటాయించాడు. "చెంగత్తా, ఈ నోరు?"

"ఆడ కూసునేదానికి ఎవురుండారు? మూసెయ్."

"అన్నీ మూస్తే..."

"మూసెయ్ అంటాండానే."

మూసేశారు. చెంగమ్మ పొగకుండ తానే తీసుకుంది. వంగి, బెజ్జానికి నోరు ఆనించి ఊదింది. వయసు మీద పడిందనుకున్న వాళ్ళు సిగ్గుపడేలా ఊదింది. హాలు తాళం మీద ఊదింది. సోమవారం సభ మీద, పసుపు టీషర్టుల మీద, తన తమ్ముడిని మింగిన కొండ మీద ఊదింది. పొగ కళ్ళలోకీ గొంతులోకీ పోయింది. పిల్లలు ఇస్తామన్నా కుండ ఇవ్వలేదు.

కలుగులో కదలిక లేదు. చెవి ఆనిస్తే గోళ్ళతో గీకుతున్న చప్పుడు కాసేపు వినిపించి, దూరమై, ఆగిపోయింది. పిల్లలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. అంతలో కింద కయ్య వైపు గెనిమ వాలులో మట్టి చెమర్చింది. ఒక పిడికెడు జారింది. తర్వాత తట్టెడు జారింది. ఎలుక తన దోవ తాను తవ్వుకుని వెళ్ళిపోయింది, వెళ్తూ నీళ్ళకు కూడా దోవ చూపించింది. చూస్తుండగానే గండి పడి యతిరాజులు కయ్యలోని నీళ్ళు గలగలమని శత్రువు కయ్యలోకి దిగాయి.

యతిరాజులు కేకలు వేయలేదు. గొడుగు కొనతో గండిని చూపించాడు.

"ఆయనతో మాట్లాడి పన్నెండేళ్ళాయె చెంగమ్మా. నీళ్ళు పంపించి మరీ పలకరించినావు. దండం పెడతాడులే, నాక్కాదు, నీకు."

పిల్లల్లో ఎవరో నవ్వబోయి చెంగమ్మను చూసి మింగేశారు. "సామీ, క్షణంలో కట్టేస్తాము" అని ఆమె సెలగపార అందుకుంది. పిల్లల్ని తుంగగడ్డలు పెరకమని అటు తోలి, మట్టి తవ్వి ముద్దలు చేయసాగింది. పక్కకు వచ్చి కూర్చుంది కోమలి.

కోమలి మునికుమార్ అక్క. రేణిగుంట దగ్గర గోడౌన్‌లో ప్యాకింగ్ పని చేస్తుంది. శుక్రవారం సెలవు దొరక్కపోతే షిఫ్టు మార్చుకునైనా వస్తుంది, గూడెంలో ఆడపిల్లలకు డప్పు నేర్పేది ఆమే. వారం రోజులుగా అత్తతో ముక్తసరిగా తప్ప మాట్లాడలేదు. ఇప్పుడు కూడా గండిలోకి చూస్తూనే మాట్లాడింది.

"కలుగుకు ఒక నోరు వదలాలని మాకు నేర్పింది ఎవురత్తా?"

చెంగమ్మ ముద్దను గండిలో కొట్టింది. నీళ్ళు దాన్ని లాక్కుపోయాయి. మరిచిపోయినానని ఒప్పుకుంది, కోపంలో ఉన్నానంది.

"ఎలుక సంగతి కాదు నేనడిగేది."

"తెలుసులే. నువ్వేం అడగతావో తెలీకనా."

"తెలిస్తే చెప్పు. డప్పు పెరుక్కున్నావు. ఫోను లాక్కున్నావు. పంక్చర్ అంగడోడికి చెప్పినావు, వీణ్ని గడప తొక్కనీయొద్దని. వాడి జతగాళ్ళ అమ్మల్ని పిలిచి చెప్పినావు, వీడితో మాట్లాడొద్దని. వాడు సంగటి తినేదానికొస్తే గూడెంలో ఎవురూ పక్కన కూసోరు. పంచాయతీవాళ్ళు హాలుకు తాళమేసినారని రోజూ తిడతావే, నీవు వాడికేసిన తాళం యాడ తక్కువ?"

"పీల్చేది మానాలంటే మరేం సేయాల? ముద్దు పెట్టుకోవాల్నా?" చెంగమ్మ గొంతు లేచింది. అటు తుంగ పెరుకుతున్న పిల్లలు తలెత్తారు. ఆమె స్వరం తగ్గించింది. "మీ నాయనకు నేను అడ్డం పడలేదు. పోతానంటే పొమ్మన్నా. సచ్చినాడో బతికినాడో ఈ పొద్దుటికీ తెలీదు. వీణ్ని కూడా వదిలేయమంటావా?"

"వదిలేయమనలేదు. దోవ పెట్టమన్నా. ఎలుక్కి పెట్టే దోవ కూడా వాడికి పెట్టలేదు నువ్వు."

జవాబు లేనప్పుడు కులపెద్దలు ఏం చేస్తారో చెంగమ్మ కూడా అదే చేసింది. కట్టు కట్టే అంది. ఒకడికి సడలిస్తే రేపు ఇంకొకడికి సడలించాలి, ఈ గూడెంలో సొల్యూషన్ పీల్చేది వాడొక్కడే కాదు, మిగతావాళ్ళు భయపడి ఆగి ఉన్నారు, ఆ భయం పోతే ఏముంది అంది. అందులో అబద్ధమేమీ లేదు. కోమలి కూడా కాదనలేదు. మట్టి పిసుకుతూ పిసుకుతూ చేతులు ఆపి, మొదటిసారి అత్త మొహంలోకి చూసింది.

"నిన్న సాయంత్రం వాడు నీ గడపకాడికి వచ్చినాడు."

"వచ్చినాడు. తలుపు కొట్టినాడు."

"ఏమన్నావు?"

ఏమందో చెంగమ్మకు గుర్తుంది. పొయ్యి ముందు కూర్చుని సంగటి కెలుకుతోంది. తలుపు చప్పుడైంది. అత్తా అన్నాడు. గొంతు చిన్నగా ఉంది. ఆమె లేవలేదు. డప్పు కోసమైతే రావద్దు, ఇంకెందుకైనా రావద్దు అంది. అవతల కాసేపు ఎవరో నిలబడి ఉన్న అలికిడి, తర్వాత గులకరాళ్ళ మీద అడుగులు. తెడ్డు తిప్పుతూనే ఉంది. పట్టు సడలలేదని తనను తానే మెచ్చుకుంది కూడా.

"డప్పు కోసం కాదత్తా వాడొచ్చింది." కోమలి గొంతులో కోపం పోయింది. కోపం లేని ఆ గొంతు ఇంకా ఓర్చుకోలేనిదిగా ఉంది. "హృషీకేశ్ సారు తిరుపతిలో ఎవురో డాక్టరమ్మకు చెప్పిపెట్టినాడంట, ఈ పీల్చేది మాన్పించే డాక్టరమ్మకు. శుక్రవారం రమ్మనిందంట. ఒక్కడే పోయేదానికి భయం వానికి. అత్త జతకొస్తే పోతానన్నాడు. నేనొస్తా పదరా అంటే, నువ్వు కాదక్కా, అత్తే రావాల, అత్త ముందర చెప్పినాకే మానతా అన్నాడు. నిన్ను అడిగేదానికొచ్చినాడు."

గండిలో నీళ్ళు పోతున్నాయి. చెంగమ్మ పిసికిన మట్టిని మళ్ళీ పిసికింది.

"ఈ పొద్దు శుక్రవారం," అంది.

"అవును."

"వాడు యాడుండాడు?"

"తెలీదు. రాత్రి నుంచి ఇంటికి రాలేదు. నీకు చెప్పేదానికి కూడా నాకు మనసు రాలేదు, చెప్తే ఇంగో కట్టు కడతావేమోనని. ఫోను చేద్దామంటే, ఫోను నీ నడుం కాడుండాది."

నిజమే. చెంగమ్మ నడుముకు దోపుకున్న వక్కాకు తిత్తిలో, ఆకులకూ సున్నం డబ్బీకీ మధ్య, ఆ ఫోను ఉంది. పిల్లల ఫోన్లన్నీ ఇంట్లో పెట్టించే మనిషి దీన్ని మాత్రం వెంట తిప్పుతోంది. లాక్కున్న మరుసటి రోజే అది ఆగిపోయింది. ఆగిపోతే ఆగిపోయిందిలే అని వదిలేయవచ్చు. ఎందుకో ఆమెకే తెలియకుండా రోజూ సాయంత్రం పక్కింట్లో ఇచ్చి చార్జింగ్ పెట్టించుకు వస్తోంది. ఆ సంగతి కోమలికి తెలియదు. తెలిసి ఉంటే ఇంత మాట అనేది కాదేమో.

ఇద్దరూ తిత్తి వైపు చూస్తుండగానే అది మోగింది.

పేరు లేని నంబరు. మునికుమారే ఎవరి ఫోనులోంచో చేస్తున్నాడనుకుంది చెంగమ్మ. మట్టి చేత్తోనే పచ్చగుర్తు నొక్కి చెవికి పెట్టుకుంది. రేయ్ అందామని నోరు తెరిచేలోపల అవతల మగగొంతు దబాయించింది.

"మునీ, నిన్న కనపడి వస్తానంటివి, మళ్ళా రానంటివి. ఏంది నీ నాన్చుడు? బండి ఏర్పేడు గేటు కాడ పెట్టుకోని ఉండా. మధ్యాన్నానికి కొండకింద దిగాల. మీ నాయన ఇట్ల భయపడేటోడు కాదురా. వస్తావా, ఇంగొకణ్ణి సూసుకోమంటావా? ఒక మాట చెప్పు."

మీ నాయన. చెంగమ్మ కాళ్ళ కింద బురద ఒక్కసారి చల్లబడ్డట్టయింది. ఈ గొంతును తమ్ముడు విన్నాడన్నమాట. యానాది భాషలోనూ ఊరి భాషలోనూ తెలిసిన తిట్లన్నీ ఆమె నాలుక మీదికి వచ్చాయి. ఒక్కటి వదిలినా ఫోను అవతల తెగిపోతుంది. వాడు నంబరు మార్చుకుని, బండి మార్చుకుని, మునికుమార్‌ను ఇంకో సందులో పట్టుకుంటాడు. ఈ ఒక్క దోవలోనే వాడు తనకు వినిపిస్తున్నాడు. చెంగమ్మ నోట్లోని తిట్టును మింగింది. పొద్దుటి నుంచి పొగ మింగిన ఆమె గొంతు ఆడదో మగదో తెలియనంతగా బొంగురుపోయి ఉంది.

"ఊ," అంది.

"అట్ల రా దోవకు. మళ్ళా మాట మారిస్తే నీ ఇష్టం. రొంతసేపు సూస్తా."

ఫోను ఆగిపోయింది. కోమలి ఎవరని కళ్ళతో అడిగింది. చెంగమ్మ చెప్పింది. వాడు ఇంకా బండెక్కలేదు అని కూడా చెప్పింది, ఆ మాట రెండుసార్లు చెప్పింది. ఎక్కకపోతే మరి ఎక్కడున్నాడని కోమలి అడుగుతూ ఉండగానే, కాలవకు అవతల, గూడెం వైపు నుంచి, ఒక దెబ్బ వినిపించింది.

తర్వాత ఇంకొకటి. తర్వాత వరస.

తుంగ పెరుకుతున్న పిల్లలు అట్లాగే నిలబడిపోయారు. ఆ చెయ్యి ఎవరిదో వాళ్ళలో ఎవరికీ చెప్పక్కరలేదు. అంకమ్మ ముందు సాయంత్రాలు కొట్టే ఆట దరువే, కానీ నెమ్మదిగా, ఒక్కొక్క దెబ్బనూ తడుముకుంటూ. చెంగమ్మ చెయ్యి తనంతట తాను నడుము దగ్గరికి పోయింది. ఇంటి తాళంచెవి అక్కడే ఉంది. తడికె తోసుకునో, వెనక గోడ దూకో లోపలికి దిగాడు. దూలం మీద డప్పు అందుకున్నాడు. ఎత్తుకుపోవాలని వచ్చినవాడైతే తీసుకుని పరుగెత్తేవాడు. అది చల్లటి డప్పు మోత కాదు. తోలు బిగిసి కణకణమంటోంది. అంటే ఆమె పొయ్యి ముందు కూర్చుని, నిప్పు రాజేసి, తీరిగ్గా సెగ చూపించాడు. కొండకింద దిగే బండి గేటు దగ్గర కాచుకుని ఉండగా, వాడు అత్త పొయ్యి దగ్గరికి వచ్చాడు.

"ఎవరే చెంగమ్మా, ఈ పొద్దు ఏం పండగ మీకు?" అన్నాడు గెనిమ మీది నుంచి యతిరాజులు.

ఇందాక మట్టిముద్ద పట్టుకుని తటపటాయించిన కుర్రవాడే దగ్గరికి వచ్చాడు. వాడి మొహంలో భయం ఉంది.

"చెంగత్తా, డప్పు ముట్టినాడు. అంకమ్మ ముందర నువ్వు చెప్పిన మాట గూడెమంతా ఇనింది. పెద్దోళ్ళు ఈపాటికి నీ ఇంటికాడికి పోతా ఉంటారు. ఏం సేయమంటావు వాణ్ణి?"

కోమలి అత్త నోటి వంక చూస్తోంది.

చెంగమ్మ గండి కేసి చూసింది. యతిరాజులు నీళ్ళు సగానికి సగం కింద కయ్యకు చేరాయి. ఆమె చేతిలో గండి మూయడానికి తీసిన మట్టిముద్ద అట్లాగే ఉంది. ఒక్క మాట చెప్పాలి. ఏ మాట చెప్పినా ఒక నోరు మూసుకుపోతుంది. వాడిదో, గూడెందో.

చెప్పబోయింది.

కాలవ అవతల డప్పు ఆగిపోయింది. ఆట ముగిసి కాదు. చెయ్యి లేచి, దెబ్బ పడాల్సిన చోట పడకుండా, ఎవరో మణికట్టు పట్టుకున్నట్టు ఆగిపోయింది. ఆ వెనకే, ఇంత దూరానికి కూడా, గూడెం గొంతులన్నీ ఒక్కసారి లేవడం వినిపించింది.

మట్టిముద్ద జారి నీళ్ళలో పడింది. చెంగమ్మ అప్పటికే గెనిమ దిగి, చీర కుచ్చెళ్ళు మోకాళ్ళ పైకి దోపుకుని, కాలవకు అడ్డంపడి పరుగెత్తుతోంది.